సెట్టింగు ప్రైవేటే, కులం మాత్రం పబ్లిక్

ఫేస్‌బుక్‌లో కులం పేరుతో తిట్టినవాడు పట్టుబడగానే చెప్పే మొదటి మాట ఒకటుంది. "అది నా ఫ్రెండ్స్‌కు మాత్రమే కనిపించేలా పెట్టిన పోస్టు. పబ్లిక్ కాదు." వాట్సాప్‌లో తిట్టినవాడైతే "అది మా గ్రూపులో మేం మాట్లాడుకున్న మాట, బయటికి ఎట్లా వచ్చింది?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. కర్నూలు, కడప జిల్లాల్లో స్క్రీన్‌షాట్ పట్టుకుని స్టేషన్ మెట్లెక్కిన మన పిల్లలకు ఈ మాట ఎదుటివాడి నోటి నుంచే కాదు, ఒక్కోసారి ఫిర్యాదు తీసుకోవాల్సిన రైటరు నోటి నుంచి కూడా వినిపిస్తుంది. "వాళ్ళు వాళ్ళ గ్రూపులో అనుకున్నారు, నీకేం నష్టం?" అని.

నష్టం ఏమిటో చట్టం చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ప్రకారం ప్రజల దృష్టిలో పడే చోట అవమానించడం, కులం పేరుతో తిట్టడం నేరం. ఈ "ప్రజల దృష్టిలో పడే చోటు" అన్న మాట చుట్టూనే మూడు దశాబ్దాలుగా కేసులు నిలబడుతున్నాయి, కూలుతున్నాయి. ఊళ్ళో రచ్చబండ దగ్గర తిడితే పడుతుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళు ఎవరూ లేనప్పుడు తిడితే పడదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో చెప్పింది. మరి ఫేస్‌బుక్ గోడ ఏ గోడ? ఊరి గోడా, ఇంటి గోడా?

ఈ ప్రశ్నకు 2017 జూలై 3న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ విపిన్ సంఘీ ఇచ్చిన తీర్పు మన దగ్గర చాలామంది లాయర్లకే తెలియదు. ఒక మహిళ తన ఫేస్‌బుక్‌లో ధోబీ కులస్తుల గురించి నీచంగా రాసింది. ఆ కులానికే చెందిన ఆమె బంధువు కేసు పెట్టింది. నా పేజీ నా ఇష్టం, నా ఫ్రెండ్స్ కోసం రాసుకున్నాను అన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. సెట్టింగు పబ్లిక్ అయినా, ప్రైవేట్ అయినా తేడా లేదంది. రాసిన మనిషి, తిట్టుపడ్డ మనిషి కాక మూడో మనిషి దాన్ని చూడగలిగితే, అది ప్రజల దృష్టిలో ఉన్నట్టే. తిట్టుపడ్డ మనిషి ఆ సమయానికి అక్కడ లేకపోయినా సరే. మనం ఎంతో కాలంగా చెప్పుకుంటూ వచ్చిన మాట ఇది. ఎదురుగా తిడితేనే అవమానం కాదు, నలుగురిలో నా వెనక తిట్టినా అవమానమే.

కానీ అదే తీర్పులో ఆమె మీద కేసును కొట్టేశారు. ఆ రాతలు మొత్తం కులం మీద ఉన్నాయే గానీ ఫలానా వ్యక్తిని ఉద్దేశించి లేవు, కాబట్టి ఆ సెక్షన్ వర్తించదు అన్నారు. ఒక చేత్తో తలుపు తెరిచి ఇంకో చేత్తో వేసినట్టయింది. ఈ రెండో సగాన్ని మనవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఎందుకంటే దీనికి మందు చట్టంలోనే ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో 3(1)(యు) అని ఒక క్లాజు చేరింది. రాతతో గానీ, మాటతో గానీ, బొమ్మతో గానీ ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషాన్ని రెచ్చగొట్టడం దాని కిందికి వస్తుంది. ఒక్క మనిషిని పేరు పెట్టి తిట్టి ఉండాలన్న షరతు అందులో లేదు. పక్కనే 3(1)(వి) ఉంది, మనం గౌరవించే మహనీయులను, కన్నుమూసినవారిని, అవమానిస్తే వర్తించేది. బాబాసాహెబ్ ఫొటోను మార్ఫింగ్ చేసి స్టేటస్ పెట్టుకున్నవాడి మీద ఫిర్యాదు రాసేటప్పుడు ఈ రెండు క్లాజులూ రాయకుండా, అలవాటు కొద్దీ ఆర్, ఎస్ మాత్రమే రాస్తే, ఆ ఎఫ్ఐఆర్ హైకోర్టు దాకా వెళ్ళి అక్కడ పడిపోయే ప్రమాదం ఉంది.

2022 జూలైలో కేరళ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. ఒక ఆదివాసీ మహిళను యూట్యూబ్ వీడియోలో అవమానించిన కేసు అది. ఆమె ఎదురుగా లేదు కదా అన్న వాదనకు, ఎవరు ఎప్పుడు ఆ వీడియో తెరిచినా ఆమె అక్కడ ఉన్నట్టే లెక్క అన్నది కోర్టు. ఇవి రెండూ వేరే రాష్ట్రాల హైకోర్టులు ఇచ్చినవి. మన హైకోర్టును కట్టిపడేయవు, కానీ వాదనకు పనికొస్తాయి.

అయితే వాట్సాప్ గ్రూపు సంగతి ఇంకా తేలని పేచీ. స్నేహితులు, బంధువులు మాత్రమే ఉంటే దాన్ని ప్రజలు అనలేమని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఒక ఊళ్ళో ఒక కులం వాళ్ళంతా కలిసి పెట్టుకున్న గ్రూపులో మూడు వందల మంది ఉంటారు. బావలు, మామలు, వియ్యంకులు అని చూపిస్తే అందరూ చుట్టాలే! వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు వెయ్యి మందికి పైగా పడతారు. వెయ్యి మంది చుట్టాలు ఉన్న చోటు ఇల్లా, బజారా? దీన్ని ఏదో ఒక కోర్టు తేల్చే రోజు వస్తుంది. ఆ రోజుకు మన చేతిలో ఉండాల్సింది మంచి సాక్ష్యం. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. స్క్రీన్‌షాట్‌ను ప్రింటు తీసి ఇస్తే చాలదు. పోస్టు లింకు, తేదీ, సమయం, ఏ ఫోనులో చూశామో ఆ ఫోను, అన్నీ దాచాలి. గ్రూపులో ఉండి మనకు ఆ మెసేజ్ పంపిన మనిషే అసలు సాక్షి. ఆ మనిషి చాలాసార్లు ఆ కులం కుర్రాడే అయి ఉంటాడు, మనసు చివుక్కుమని పంపి ఉంటాడు. ఊళ్ళో వాడి పరిస్థితి ఏమవుతుందో కూడా మనమే ఆలోచించాలి.

ఇంతవరకూ తిట్టేవాడి సెట్టింగు గురించి. తిట్టుపడేవాళ్ళ సెట్టింగుల కథ వేరు.

2020 మేలో ఫేస్‌బుక్ ఇండియా కోసం ప్రొఫైల్ లాక్ తెచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు ప్రొఫైల్ ఫొటోకు కాపలా అని ఒక సదుపాయం కూడా ముందుగా మన దేశంలోనే ప్రవేశపెట్టింది. ఆడపిల్లల ఫొటోలు దొంగిలించి దుర్వినియోగం చేస్తున్నారన్న భయం ఇక్కడ అంత ఎక్కువ. మంచిదే. కానీ ఈ తాళాలన్నీ ఒక నమ్మకం మీద తయారయ్యాయి. ప్రమాదం ముక్కూ మొహం తెలియని వాడి నుంచి వస్తుంది, తెలిసినవాళ్ళు మనవాళ్ళు అన్న నమ్మకం అది. అమెరికా కుర్రాడికి అది నిజం కావచ్చు. ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలోనో, జమ్మలమడుగు దగ్గరి పల్లెలోనో మాదిగగేరి నుంచి డిగ్రీకి వెళ్ళే అమ్మాయికి ప్రమాదం తెలిసినవాళ్ళ నుంచే. ఆమె ఫ్రెండ్స్ లిస్టులో క్లాస్‌మేట్లు ఉంటారు. వాళ్ళలో సగం మంది ఊళ్ళోని భూస్వాముల పిల్లలు. ఫ్రెండ్ రిక్వెస్టు పంపితే తీసుకోకపోవడం కూడా ఒక తిరుగుబాటు కిందే లెక్క. "ఏం, మా వాడి రిక్వెస్టు తీసుకోనంత పెద్దదైపోయిందా?" అన్న మాట ఇంటిదాకా వస్తుంది. ఇక తాళం వేసి ఏం లాభం, తాళంచెవి ఊరి చేతిలోనే ఉన్నప్పుడు?

కులాంతర ప్రేమలు, పెళ్ళిళ్ళ విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన హత్యను ఎవరూ మర్చిపోలేదు. ఆ జంట రిసెప్షన్ వీడియో ఫేస్‌బుక్‌లో పెద్ద ఎత్తున తిరగడం అమ్మాయి తండ్రి పగను ఇంకా పెంచిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. భర్త చనిపోయాక ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో పడ్డ తిట్లు ఇంకో కథ. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. 2022 మేలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో భార్య కళ్ళముందే దళిత యువకుణ్ణి చంపిన కేసు మన విషయానికి ఇంకా దగ్గర. పోలీసులు చెప్పిన ప్రకారం అతని జీమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ సంపాదించి, పోగొట్టుకున్న ఫోనును వెతుక్కోవడానికి గూగుల్ ఇచ్చిన సదుపాయంతోనే అతను ఎక్కడున్నాడో కనిపెట్టారు. కర్నూలు జిల్లాకు వస్తే, 2020 డిసెంబరు నెలాఖరులో ఆదోనిలో కులాంతర వివాహం చేసుకున్న ఒక ఫిజియోథెరపిస్టును పట్టపగలు కొట్టి చంపారు.

జీమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికైనా ఎట్లా తెలుస్తుంది అని పట్నం చదువరి అడగవచ్చు. మన దగ్గర అది రహస్యమే కాదు. ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో సెల్ షాపులో ఫోను కొంటే షాపతనే అకౌంటు తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, డబ్బా మీద పెన్నుతో రాసి ఇస్తాడు. చాలాసార్లు ఆ పాస్‌వర్డ్ ఫోన్ నంబరే. ఒక ఇంట్లో ఒకే ఫోను. అమ్మ సుగ్గికి గుంటూరు మిరప కోతకు పోతే ఫోను ఆమెతో పోతుంది, పిల్లలు పక్కింటి ఫోనుకు వాట్సాప్ కాల్ చేయించుకుంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఇప్పుడు అంకెలు పెరిగి ఉంటాయి. కానీ ఫోను చేతికి రావడం వేరు, ఫోను సొంతం కావడం వేరు. సెట్టింగులు అనే మాటకే ఒక మనిషికి ఒక ఫోను అన్నది పునాది. ఆ పునాది మన ఇళ్ళల్లో చాలాచోట్ల లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో నంబరు అందరికీ కనిపిస్తుంది. నన్ను గ్రూపులో ఎవరు చేర్చవచ్చో నేనే నిర్ణయించుకునే సెట్టింగు 2019లో వచ్చింది, కానీ మనం మార్చుకుంటే తప్ప అది "ఎవరైనా" అనే ఉంటుంది. పొదుపు గ్రూపు, ఉపాధి హామీ గ్రూపు, స్కూలు తల్లిదండ్రుల గ్రూపు, ఒకప్పుడు వాలంటీరు గ్రూపు. యాభై ఇళ్ళకొక వాలంటీరని 2019 ఆగస్టులో మొదలైన ఆ వ్యవస్థ మన ఆడవాళ్ళ నంబర్లను ఎన్ని ఫోన్లలోకి చేర్చిందో! ఆ గ్రూపుల నుంచి బయటికి వస్తే పనిదినాలు తెలియవు, పింఛను కబురు తెలియదు. ఉంటే రాత్రి పదింటికి తెలియని నంబరు నుంచి "హాయ్" వస్తుంది. మన ఆడవాళ్ళలో ఎక్కువమంది ప్రొఫైల్ ఫొటో స్థానంలో పువ్వు, పసిబిడ్డ, లేదంటే వాక్యం రాసిన బొమ్మ ఎందుకు ఉంటాయో ఆలోచించండి. ఏ కంపెనీ ఇంజనీరూ నేర్పకుండానే వాళ్ళు తయారుచేసుకున్న ప్రైవసీ సెట్టింగు అది.

వాక్యం బొమ్మ అన్నాం కదా, అక్కడ ఇంకో పెద్ద చిక్కు ఉంది.

రాయలసీమలో మాల, మాదిగ పల్లెల్లో చర్చి ఈనాటిది కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్, నంద్యాల, ముత్యాలపాడుల్లో ఎస్పీజీ మిషన్ పందొమ్మిదో శతాబ్దం నుంచి పనిచేశాయి. బళ్ళు, ఆసుపత్రులు పెట్టాయి. మన పెద్దలకు మొదటి అక్షరం అక్కడే దొరికింది. సీఎస్ఐ రాయలసీమ డయాసిస్ కేంద్రం కడపే. కాగితాల మీద హిందూ ఎస్సీ, ఆదివారం ఆరాధన అన్నది వేలాది కుటుంబాల జీవితం. అది మోసం అని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా కులాన్ని మతంతో ముడిపెట్టి, మారిన మతంలో కూడా వెంటాడే కులాన్ని చూడనట్టు నటించినందువల్ల వచ్చిన పరిస్థితి అది.

ఇప్పుడా జీవితం ఫోనులోకి వచ్చింది. బాప్తిస్మం ఫొటో, క్రిస్మస్ రోజు పాట, పాస్టరు గారితో సెల్ఫీ. 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఎస్సీ హోదా అడగడం చెల్లదని చెప్పింది. 2025లో మన హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు వేసిన అట్రాసిటీ కేసులో, మతం మారిన వ్యక్తికి ఆ చట్టం రక్షణ ఉండదన్నది. ఈ తీర్పుల తప్పొప్పులు వేరే వ్యాసం. మనం ఇక్కడ చూడాల్సింది ఒకటే. ఒక దళిత యువకుడు అట్రాసిటీ కేసు పెడితే, ఎదుటి పక్షం చేసే మొదటి పని ఇప్పుడు అతని ఫేస్‌బుక్ వెతకడం. నాలుగేళ్ళ కిందటి క్రిస్మస్ ఫొటో కేసు ఫైల్లోకి వస్తుంది. సర్పంచి పదవికి ఎస్సీ రిజర్వుడు సీటులో గెలిచినవాళ్ళ మీదా ఇదే ఆయుధం. మతం గురించి ఒక మనిషి తన చుట్టాలతో పంచుకున్న సంతోషం అతని కులాన్ని, ఉద్యోగాన్ని, కేసును ప్రశ్నించే సాక్ష్యంగా మారుతోంది. రోహిత్ వేముల చనిపోయాక అతని తల్లి పుట్టుక మొదలు ప్రతి కాగితాన్నీ దేశమంతా తవ్వింది, గుర్తుంది కదా? ఇప్పుడు ఆ తవ్వకానికి తహసీల్దారు కూడా అక్కర్లేదు, ఫోను ఉంటే చాలు.

ఇదే మూలనుంచి వచ్చింది "గొర్రెలు" అన్న తిట్టు. తెలుగు సోషల్ మీడియాలో క్రైస్తవ దళితులను తిట్టే మాట అది అని ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఫేస్‌బుక్ నియమాల్లో కులం రక్షణ ఉన్న అంశాల్లో ఒకటి. కానీ రిపోర్టు చేస్తే "మా నియమాలకు విరుద్ధం కాదు" అని జవాబు వస్తుంది. యంత్రానికి గొర్రె అంటే గొర్రే! మన ప్రాంతంలో గొర్రెలు మేపుకుని బతికేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి యంత్రాన్నీ పూర్తిగా తప్పుపట్టలేం అనుకోండి. ఆ మాట ఎక్కడ, ఎవరిమీద, ఏ పోస్టు కింద వచ్చిందో చదవగలిగిన తెలుగు మనిషిని, అందులోనూ మన వాడల నుంచి వచ్చిన మనిషిని కూర్చోబెట్టాలి. దళిత కార్యకర్తల సంస్థ ఈక్వాలిటీ ల్యాబ్స్ 2019లోనే ఫేస్‌బుక్ ఇండియా మీద నివేదిక ఇచ్చి, రిపోర్టు చేసిన ద్వేషపు పోస్టుల్లో అత్యధికం అలాగే ఉండిపోతున్నాయని లెక్కకట్టి చూపింది.

కంపెనీలను నమ్మాలా అన్న ప్రశ్నకు వాటి చరిత్రే జవాబు. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ చెప్పాపెట్టకుండా సెట్టింగులు మార్చి, జనం దాచుకున్న ఫ్రెండ్స్ లిస్టులను బయటపెట్టింది. అమెరికాలో ప్రభుత్వ సంస్థతో 2011లో రాజీ కుదుర్చుకుంది. 2018లో కేంబ్రిడ్జి అనలిటికా బయటపడ్డప్పుడు ఆ కంపెనీయే చెప్పిన లెక్క వినండి. మన దేశంలో ఆ యాప్‌ను వేసుకున్నవాళ్ళు 335 మంది. వాళ్ళ ద్వారా సమాచారం బయటికి పోయి ఉండగల భారతీయులు 5.62 లక్షల మంది. నీ తాళం నువ్వు ఎంత గట్టిగా వేసుకున్నా నీ ఫ్రెండు తలుపు తీస్తే నువ్వూ పోయినట్టే. 2021లో వాట్సాప్ తన సమాచారాన్ని మాతృ సంస్థతో పంచుకునే షరతును ఒప్పుకుంటేనే వాడుకోండి అన్నట్టు పెట్టినందుకు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. ఒప్పుకోకపోతే మానేయవచ్చు కదా అంటారు. కువైట్‌లో ఉన్న అమ్మతో మాట్లాడే పిల్లవాడు ఎట్లా మానేస్తాడు?

కువైట్ పేరు ఎత్తాక కడప గురించి చెప్పకుండా ముందుకు పోలేం. రాజంపేట, రాయచోటి, కడప చుట్టుపక్కల దళిత, ముస్లిం, వెనుకబడిన కులాల ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్ళడం మొదలై దశాబ్దాలైంది. వాళ్ళకు ఫోను అంటే పిల్లల ముఖం. అక్కడి యజమాని మొదట లాక్కునేది పాస్‌పోర్టు, రెండోది ఫోను. 2019 అక్టోబరులో బీబీసీ అరబిక్ విలేఖరులు రహస్యంగా పరిశోధించి బయటపెట్టిన విషయం చదివినప్పుడు మా వెన్ను జలదరించింది. కువైట్‌లో ఇంటిపని ఆడవాళ్ళను యాప్‌ల ద్వారా, ఇన్‌స్టాగ్రామ్ హ్యాష్‌ట్యాగ్‌ల ద్వారా అమ్ముతున్నారు. ఫొటో, వయసు, దేశం, ఏ పని వచ్చు, ధర. సంత దినాన పశువుల పక్కన రాసినట్టు. ఆ ఫొటోలోని మనిషికి తన ఫొటో అక్కడ ఉందని కూడా తెలియదు. ఆమె ఖాతాకు ప్రొఫైల్ లాక్ ఉంటే ఏం ప్రయోజనం? ఆమె ఫొటో పెట్టింది ఆమె కాదు. ఆపిల్ తన స్టోరులోంచి ఫేస్‌బుక్‌ను తీసేస్తానని బెదిరించాకే కంపెనీ హడావిడిగా కదిలిందని 2021లో బయటపడిన దాని లోపలి పత్రాలు చెప్పాయి.

మరోవైపు అదే ఫోను ప్రాణాలూ కాపాడుతోంది. 2024 జూలైలో అన్నమయ్య జిల్లా వాసి ఒకరు కువైట్ ఎడారిలో చిక్కుకుని ఏడుస్తూ తీసిన సెల్ఫీ వీడియో అందరికీ చేరబట్టే మంత్రి స్థాయిలో కదలిక వచ్చింది, మనిషి ఇంటికి చేరాడు. ఆయన ప్రైవసీ చూసుకుని ఉంటే అక్కడే ఉండిపోయేవాడు. అందుకే మేం దళితులకు, పేదలకు "సోషల్ మీడియాకు దూరంగా ఉండండి" అని చెప్పేవాళ్ళతో ఎప్పుడూ ఏకీభవించలేదు. మన వార్తను పత్రికలు వేయనప్పుడు మనకు దొరికిన గోడ ఇదొక్కటే. కనిపించకుండా ఉండటం మనకు అంటరానితనం నేర్పిన పాఠం. ఎప్పుడు కనిపించాలో మనమే నిర్ణయించుకోవడం వేరు.

ఇక ప్రభుత్వం. కంపెనీ మన కులాన్ని మన లైకుల నుంచి ఊహిస్తుంది. ప్రభుత్వానికి ఆ కష్టం లేదు, దాని దగ్గర ధ్రువపత్రమే ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు, ఫోన్ నంబరు, కులం, మతం ఎవరైనా చూసుకునేలా పడి ఉన్నాయి. బయటపెట్టింది ప్రభుత్వం కాదు, శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు. అంతకు ఏడాది ముందు ఆయన సహరచయితగా వచ్చిన నివేదికలో దేశంలో ఆధార్ నంబర్లు బయటపడ్డ నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ పేర్లు ఉన్నాయి, వాటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. ఉపాధి పనికి పోయేదెవరు, బీమా కోసం వరుసలో నిలబడేదెవరు అన్నది చదువరులకు చెప్పనవసరం లేదు. ఇల్లు అడిగినందుకు మన కులం ఇంటర్నెట్‌లో పడింది. సొంత ఇల్లు ఉన్నవాడి వివరాలు మాత్రం ఎక్కడా పడలేదు.

2024 అక్టోబరు 22న రాష్ట్ర ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న 161 సేవలతో "మన మిత్ర" వాట్సాప్ పాలన మొదలైంది. మేం దీన్ని వద్దనడం లేదు. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి, కూలి పోగొట్టుకుని, "రేపు రాపో" అనిపించుకున్నవాళ్ళకు ఫోనులో పని జరగడం చిన్న విషయం కాదు. అయితే వాట్సాప్ చెప్పే రహస్యం ఇద్దరు మనుషుల మధ్య మాటలకు సంబంధించినది. సంస్థలతోనూ ప్రభుత్వాలతోనూ జరిగే చాటింగులో, మెసేజ్ అవతలికి చేరాక దాన్ని ఎవరు చూస్తారు, ఎంతకాలం దాస్తారు అన్నది ఆ సంస్థ పద్ధతుల మీద ఆధారపడి ఉంటుంది. ఏ నంబరు ఏ సేవ అడిగింది, ఎవరు ఎస్సీ పత్రం కోరారు, ఎవరు ఫిర్యాదు చేశారు అన్న వివరం ఎక్కడ ఎన్నాళ్ళు ఉంటుందో మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో, ఆ నంబరు తెరవగానే కనిపించేలా చెప్పాలి.

కేంద్రం తెచ్చిన చట్టం మనల్ని కాపాడుతుందా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తర్వాత జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో తయారుచేసిన ముసాయిదాలో "కులం లేదా తెగ" అన్నదాన్ని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా వేరుచేసి, దానికి ఎక్కువ రక్షణ ఇచ్చారు. 2019 బిల్లులోనూ అది ఉంది. 2023 ఆగస్టులో చట్టమై వచ్చేసరికి ఆ వర్గమే లేదు. మన కులం, మన చెప్పు సైజు, రెండూ ఆ చట్టం దృష్టిలో ఒకే రకం సమాచారం. పార్లమెంటులో ఉన్న మన రిజర్వుడు సీట్ల సభ్యులు దీని మీద గట్టిగా ఒక్క రోజైనా సభను ఆపి ఉంటే బాగుండేది.

అదే చట్టంలోని సెక్షన్ 44(3) సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసింది. ఇంతకు ముందు వ్యక్తిగత సమాచారమైనా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అంటే చాలు, అధికారి తిప్పికొట్టవచ్చు. సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం వాదన ఇంకా మిగిలే ఉంది, కానీ దాన్ని వాడాలా వద్దా అన్నది ఆఫీసరు చేతిలో. ఉపాధి మస్టర్లలో దొంగ పేర్లు, ఎస్సీ రుణాలు ఎవరి పేరున ఎవరు ఎత్తారు, అసైన్డు భూమి ఎవరి ఖాతాలోకి మారింది అన్నవి మన కార్యకర్తలు బయటికి లాగింది పేర్లతోనే. పేరు లేని మస్టరును సామాజిక తనిఖీలో ఎవరి ముందు చదువుతారు?

తేదీలు కూడా గమనించండి. ఈ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచార హక్కుకు కోత పెట్టే సెక్షన్ అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది. కంపెనీలు మన అనుమతి తీసుకోవాలి, మనం అడిగితే మన సమాచారం తుడిచేయాలి, బయటికి పోతే మనకు చెప్పాలి అన్న భాగాలకు మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా. అప్పటివరకు కోసిగి మండలంలో ఒక కూలీ తన మస్టరు వివరం అడిగితే "ప్రైవసీ" అని జవాబు రావచ్చు. అదే కూలీ ఫోన్ నంబరు, కులం, ఖాతా ఏదైనా యాప్ నుంచి బయటపడితే, ఆమెకు ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత ఈ చట్టం కింద ఇంకా ఎవరి మీదా లేదు.